పన్నెండో ముక్కకు చోటు లేదు

జూన్ తొమ్మిది, ఆదివారం

బుల్లీ,

ఉత్తరం మొదట్లో క్షేమం అడగాలంటారు. నువ్వు క్షేమమనే అనుకుంటున్నాను. నేనూ ఉన్నాను. తప్పులుంటే సర్దుకుని చదువుకో, నా చదువు ఐదో తరగతితో సరి.

నిన్న మా గ్లోబుల కార్ఖానాకు కొత్తగా అచ్చయిన కాగితాలొచ్చాయి. నీకు తెలుసుగా, ఒక్కో గ్లోబుకు పన్నెండు ముక్కలు, దోసకాయ చెక్కుల్లా మధ్యన వెడల్పు, కొసల్లో సన్నం. ఇరవై రెండేళ్ళుగా వాటిని బంతి మీద అతికించే బతుకుతున్నాను. దక్షిణ సముద్రంలో, పటం గీసినవారి పేరు వేసే చిన్న పెట్టె ఉంటుంది. కూడబలుక్కుని చదివాను. నీ పేరుంది. అచ్చు తప్పేమోనని ఇంకో కాగితం తీశాను. అందులోనూ నువ్వే.

ఆ కాగితాల మీది కొండలు మీ అక్క గీసినవి బుల్లీ. నా సొంత కూతురి గీతలు నేను గుర్తుపట్టలేననుకున్నావా? మా ఇంట్లో ఉండి చదువుకున్న మూడేళ్ళూ, అది వంటింటి బల్ల మీద పటం గీస్తుంటే పక్కన కూర్చుని పెన్సిళ్ళు చెక్కింది నువ్వే కదా. ఆండీస్ గీసిన రోజు, చూడమ్మా, ఇవి భూమధ్యరేఖా దాటి, మకరరేఖా దాటి, ఖండం అంచుదాకా దిగిపోతాయి, వీటిని పాస్‌పోర్టు అడిగేవాడే లేడు అంది. నువ్వు పడీ పడీ నవ్వావు. నలభై అయిదో గీత ఇటు ఆల్ప్స్ మీదుగా పోతుంది, సముద్రం దాటాక రాకీ కొండలూ దానికే తగులుతాయి అని నా వేలు పట్టుకుని చూపించింది.

కాగితం జిగురు తాగితే సాగుతుంది. ఎంత సాగుతుందో మీ పుస్తకాల్లో ఉండదు, నా చేతికి తెలుసు. మీ అక్క నన్ను కూర్చోబెట్టుకుని, తడి కాగితం పక్కన నా గోరు పెట్టించి కొలిచి, ఒక్కో ముక్కనూ అంత ఇరుకు చేసి గీసింది. ఆ వారం నువ్వు పరీక్షల్లో ఉన్నావు. అందుకే నీకు తెలీదు. అక్క లెక్క తప్పిందనుకుని వెడల్పు దిద్దేశావు.

ఏమైందో తెలుసా? ప్రతి ముక్కా పక్కదాని మీదికెక్కింది. హిమాలయాల్లో ఒక కొస పక్క ముక్క కిందపడి మునిగిపోయింది. పన్నెండో ముక్కకు చోటే లేదు. లాగి కూర్చోబెడితే ముప్ఫయ్యో గీత మెట్టు దిగినట్టు విరిగింది. యజమాని వచ్చి, ఏం పెద్దావిడా, నీ వేళ్ళు రిటైరైపోయాయా అన్నాడు. పక్క బల్ల జిగురాయన, ఆమె వేళ్ళు కాదండీ, భూమే లావెక్కింది అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే అక్కడే ఏడ్చేసేదాన్ని.

పరాయివాళ్ళు చేస్తే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. పెద్దమ్మా పెద్దమ్మా అని నా కొంగు పట్టుకు తిరిగినదానివి, నీకు చేతులెలా వచ్చాయే? అది పోయి తొమ్మిది నెలలు. మనిషి పోయింది చాలదా, పేరు కూడా పోవాలా? అది లేకుండా చేసిన కాగితాలను నా చేత్తోనే అతికించమంటావా?

యజమానికి నేనింకా ఏమీ చెప్పలేదు. నువ్వే వచ్చి నీ నోటితో చెప్పు. అక్క గీతలు అక్క గీసినట్టే ఉంచి, పెట్టెలో దాని పేరు వేయించు. శుక్రవారం దాకా చూస్తాను. ఆ తర్వాత నా పని పోయినా సరే, నీ పేరున్న గ్లోబు ఒక్కటి కూడా అతికించను.

ఇట్లు,
నువ్వు పెద్దమ్మా అని పిలిచిన మనిషి

తా.క. ఒక మాట దాచాను. పోయే ముందురోజు మీ అక్క, ఆ పటాల చుట్ట బుల్లికి మాత్రం ఇవ్వకమ్మా, తన పేరు వేసుకుంటుంది అంది. జ్వరంలో అన్నది కాదు, తెలివిలో ఉండే అంది. తర్వాత నువ్వొచ్చి, గుర్తుగా దాచుకుంటానని ఏడ్చావు. లేదంటే మళ్ళీ మా గుమ్మం ఎక్కవేమోనని భయమేసింది. ఈ ఇంట్లో నన్ను పిలిచే గొంతు ఒక్కటైనా మిగలాలనుకుని నా చేత్తోనే ఇచ్చాను. దాని మాట ముందు కాలదన్నింది నేను, తర్వాతే నువ్వు. యజమానికి చెప్పేటప్పుడు ఇదీ చెప్పు.

పొద్దున్నే ఖాళీ కడుపుతో ఆఫీసుకు పరిగెత్తకు. వేళకు కడుపునిండా తిను.