షెర్రీ పక్కన ఎండు నెత్తళ్ళు

వసతిగృహం, సోమవారం

పూజ్యులైన అప్పలసూరి మావయ్యకు, నమస్కారాలు.

ఫోనులో నా మాటకు అడ్డు తగిలే సందు దొరకడం లేదని మీరే అన్నారు కనుక, ఈ ఉత్తరం ఆటో సూరన్న చేత పంపుతున్నాను. ఓడ ఉద్యోగి జయంత్ అన్నయ్య స్పెయిన్ నుంచి తెచ్చి మీ ఇంట ఉంచిన సీసా నాకు కావాలి. అది పీపాలో ఏళ్ళ తరబడి మాగిన, తీపి లేని ద్రాక్షసారా, పేరు షెర్రీ. దానితో నంజుకోవడానికి సరిజోడు వేయించిన జీడిపప్పని మా కళాశాలలో నా ప్రత్యర్థి రోహిత్ వాదన. మన వన్ టౌన్ ఎండు నెత్తళ్ళు, ఆ చిట్టి ఎండుచేపలేనని నా వాదన. శనివారం న్యాయనిర్ణేతలు రుచి చూసి తీర్పు చెబుతారు. నేను ఓడితే వక్తృత్వ సంఘం అధ్యక్ష పదవి అతనిదే.

ఇట్లు,
కాలు నిలవని మీ మేనకోడలు యశస్విని

తా.క.: నేను తాగను, వాదిస్తాను. రెండూ ఒకటి కావు.

వన్ టౌన్, మంగళవారం

చిరంజీవి యశస్వినికి ఆశీస్సులు.

తాగనోళ్ళు తాగనని ముందే రాయరమ్మా. అదలా ఉంచు. మొన్న మీ తాత సంవత్సరీకం. మందంటే ఆయనకి పేణం కదాని సీసా ఫొటో ముందర పెట్టేసినాను. పెద్దలకి పెట్టింది ఇంటి పెద్ద నోట్లో ఏసుకోకుండా మనింట్లో గుమ్మం దాటదు. ఇంటి పెద్దంటే మీ అమ్మమ్మ పాపాయమ్మ. సారా కొట్లు మూయించినావిడ! ఆవిడకి ఎవలు సెప్తారు?

ఇట్లు,
భయంతో మీ మావయ్య

తా.క.: నువ్వు తాగుడు మానితే సింహాచలంలో గుండు సేయిత్తానని మీ తాయారత్త మొక్కేసింది. నీకే.

వసతిగృహం, బుధవారం

మావయ్యకు నమస్కారాలు.

నా శిరోజాలపై అత్తయ్యకు ఏ అధికారమూ లేదు. అమ్మమ్మతో నా తరఫున చెప్పండి: ఒక్క చుక్క ఆచారం, తాగుడు కాదు. సాధన విడిచి రాలేను. స్కూటరున్న రోహిత్ సీసా తెస్తానన్నాడు. ప్రత్యర్థే అయినా మర్యాదస్తుడు.

ఇట్లు,
యశస్విని

తా.క.: అద్దం ముందు వాదిస్తున్నాను. అద్దమే నెగ్గుతోంది.

వన్ టౌన్, శుక్రవారం

చిరంజీవికి ఆశీస్సులు.

మర్యాదస్తుడు జీడిపప్పు పొట్లంతో వచ్చినాడు. అమ్మమ్మ ముక్కు మూసుకుని ఒక సుక్క ఏసుకుంది. నాను నీ పక్షాన నెత్తళ్ళు అందించినాను. "సముద్రమంతా నోట్లోకొచ్చేసింది, ఆ సుక్క ఏటైపోనాదిరా?" అంది. జీడిపప్పుతో ఇంకో సుక్క ఏసుకుని కళ్ళు మూసుకుంది. రేపు రోహిత్ పక్షాన ఆవిడే మాట్లాడతాదట. "మనవరాలైతే ఏటి? తప్పు తప్పే" అంటంది. ఈ మొండితనం నీకెక్కడిదో ఇప్పుడు తెలిసింది.

ఇట్లు,
తటస్థుడైన మావయ్య

తా.క.: అమ్మమ్మ మూడో సుక్క అడిగింది. మీ అత్త మొక్కు మార్చేసింది. గుండు ఇప్పుడు అమ్మమ్మకి.