ఇత్తడి అనుకుని తోమిన ఫోర్కు

ఆమదాలవలస,
మాఘ మాసం, ఆదివారం.

ప్రియమైన సుహాసినికి,

ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. అందరం అంటే ఇప్పుడు నేనొక్కడినే. అమ్మ పిన్నిని చూడ్డానికి కోటబొమ్మాళి వెళ్ళింది. కాబట్టి నేను క్షేమం. ఆ సిక్కిం కొండల్లో నువ్వూ, నీ దగ్గర సైకిలు నేర్చుకునే పిల్లలూ క్షేమమని తలుస్తాను.

ఫోనుండగా ఈ ఉత్తరం ఏమిటని విసుక్కోకు. అక్కడ నీకు సిగ్నల్ దొరికిన రోజున నాకు మాట దొరకదు. నువ్వు ఇంకేంటి బావా అంటావు, నేను ఏం లేదు అంటాను, లైను కట్టయిపోతుంది. నీ ఉత్తరం వచ్చాక, నేనూ రాస్తేనే నయమనిపించింది.

మీ అత్త మోకాలి నొప్పి తగ్గింది. శ్రీకూర్మం తీసుకెళ్తే గుడి చుట్టూ తనే నడిచింది, నన్ను చెయ్యి పట్టుకోనివ్వలేదు. నా దగ్గు పోయింది. వండుకుంటున్నావా అని అడిగావు. వండుకుంటున్నాను గానీ ఒక్కడికి సరిపడా వండడం ఇంకా చేతకాలేదు. పొద్దున పప్పే రాత్రికీ నాకు దిక్కు. పెళ్ళిళ్ళ రోజులు కదా, మన ఇత్తడి కొట్లో బిందెలూ గంగాళాలూ బాగానే పోతున్నాయి, మాట్లాడేవాళ్ళకి కొదవ లేదు. తాళం తీసి ఇంట్లోకి అడుగు పెడితేనే ఏమీ తోచదు. ఎవరూ వినకపోయినా టీవీ పెట్టి వదిలేస్తున్నాను.

ఇక నీ సైకిలు సంగతి. ఫోర్కు సీల్సు ఇంకా రాలేదా, ఆ విజయనగరం త్రినాథ్ ఎన్నాళ్ళు తిప్పుతాడు అని రాశావు. పాపం, గేరు సైకిళ్ళు బాగు చేసుకునే అతన్ని ఏమీ అనకు. నూనె కారకుండా ఆపే ఆ రబ్బరు సీల్సు వాటంతటవే అరిగిపోయాయని నీకు చెప్పాను కదా, అది నిజం కాదు. పాడుచేసింది నేనే.

దసరాకి కొట్లో కాటాలు, తూనికరాళ్ళు కడిగి పూజలో పెడతాం కదా. ఈసారి వాటి పక్కన నీ సైకిలు కూడా పెడదామనుకున్నాను. ఉత్తినే తుడిచి ఊరుకుంటే పోయేది. సర్వీసింగు కూడా చేసేద్దామని ఫోనులో వీడియో పెట్టుకుని ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు విప్పాను. కింది భాగం లాగితే లోపల రెండు గొట్టాలు బయటపడ్డాయి. బంగారు రంగే గానీ మసకబారి ఉన్నాయి. ఊహ తెలిసినప్పటి నుంచీ ఇత్తడి మధ్య పెరిగినవాడిని, నా కంటికి అది ఇత్తడే. చింతపండూ ఇటుక పొడీ తెచ్చి, అమ్మ వద్దంటున్నా వినకుండా, చేతులు నొప్పి పుట్టేదాకా తోమాను. అది ఇత్తడి కాదు, ఉత్త పైపూత. మచ్చలు మచ్చలుగా లేచిపోయి కింద గీతలు పడ్డాయి. మళ్ళీ బిగించి హ్యాండిలు మీద నొక్కితే గొట్టాల చుట్టూ నూనె ఊరింది. ఆ నూనె కారుతుండగానే నీ సైకిలుకి పసుపూ బొట్టూ పెట్టి దండం పెట్టుకున్నాను.

రైల్లో విజయనగరం తీసుకెళ్తే త్రినాథ్ గొట్టం మీద గోటితో గీసి చూశాడు.

"ఏటి బాబూ, బిందె తోమినట్టు తోమీసినారేటి?" అన్నాడు.

అవునన్నాను. అతను చాలాసేపు నవ్వాడు, నాకూ నవ్వొచ్చింది. ఆ మోడలుకి కొత్త గొట్టాలు దొరకవట. అంచేత గీతలే పూడ్చుదాం, రంగులేని గోళ్ళ పాలిష్ ఉంటే పట్టుకు రమ్మన్నాడు. నీ అద్దం దగ్గరున్న సీసా తీసుకెళ్ళాను. లోతు గీతల్లో దాన్ని నింపి, ఆరాక, సన్నటి ఎమిరీ కాగితం నీళ్ళలో తడిపి రుద్దాలి. సగం రుద్దుడు నాచేతే చేయించాడు. ఆ వాసనకి నువ్వు పక్కనే కూర్చుని వేళ్ళు చాపి ఊదుకుంటున్నట్టే ఉంది. కొత్త సీల్సు వేసి నూనె పోసి నొక్కితే ఒక్క చుక్క బయటికి రాలేదు.

సుహాసినీ, ఈ బాగుచేయడం కార్తీకంలోనే అయిపోయింది. అప్పటినుంచీ సైకిలు కొట్టు వెనక గదిలో దుప్పటి కప్పుకుని ఉంది. ఇంకా అవలేదు అని నీకు చెప్పినప్పుడల్లా అది నా పక్కనే ఉంది. ఇక్కడివాళ్ళు ఇంకో ఏడాది ఉండమంటున్నారు, సైకిలు పంపించు, నువ్వేమంటావు బావా అని అప్పట్లోనే అడిగావు. నేను సీల్సు రాలేదని మాట మార్చాను. సైకిలు ఇక్కడుంటే దానికోసమైనా వస్తావనుకున్నాను. నూనె కారినప్పుడు తల పట్టుకున్నవాడినే, బాగైన రోజున ఇంటికొచ్చి ఏడ్చాను.

అమ్మ ఊరెళ్ళే ముందు ఆ దుప్పటి ఎత్తి చూసింది.

"దానికి రావాలనుంటే సైకిలు లేకపోయినా వస్తాది. నువ్వు దాసీసి ఏటి సేస్తావురా?" అంది.

రేపు పొద్దున స్టేషన్లో పార్సిల్ చేస్తాను. నీకు ఉండాలనుంటే ఇంకో ఏడాది ఉండు, ఈ మాట మనసారా అంటున్నాను. నువ్వు లేకపోతే నాకేమీ బాగాలేదు, అది కూడా మనసారానే అంటున్నాను.

ఇంకొక్క మాట. ఆ ఫోర్కులో నూనె ఒక్కటే కాదట, గాలి కూడా ఉంటుందట. అది ఎక్కేవాళ్ళ బరువుకి తగ్గట్టు పట్టాలట. తొక్కే మనిషి బరువెంతుంటాది బాబూ అని త్రినాథ్ అడిగితే, రోజంతా ఇత్తడి తూచి అమ్మేవాడిని, నీ బరువు గుర్తు చేసుకోవాల్సొచ్చింది. నువ్వు వెళ్ళే రోజు సంచి బరువు చూడాలని దాన్ని ఎత్తుకుని మన కాటా ఎక్కావు, గుర్తుందా? తర్వాత సంచి దించేసి, నవ్వుతూ ఊరికే ఇంకోసారి ఎక్కావు. ఆ బరువే చెప్పాను. నాకు తెలిసిన నువ్వు అంతే.

సైకిలు అందగానే ఎక్కి చూడు. ఫోర్కు మరీ కుంగితే ఒళ్ళు చేశావన్నమాట, అసలు కుంగకపోతే చిక్కిపోయావన్నమాట. గాలి మార్చుకునే ముందు, ఏ సంగతో నాకు రాయి.

ఇట్లు,
నీ రాక కోసం కాకపోయినా నీ జవాబు కోసం చూసే
నీ బావ,
మురళీమోహన్