నిప్పు తెలియని మచ్చ

గింజల క్యాంపు, ఫిబ్రవరి 4

ప్రియమైన దొరిలేనీ,

వాన ఆగలేదు, అడవిలో బ్రెజిల్ గింజలు మాత్రం బాగానే రాలుతున్నాయి. క్యాంపు వెనక పెంకు ఒంటి ఆర్మడిల్లో ఒకటి చెదపుట్ట తవ్వేసి పోయింది. దాని పాత బొరియలో ఇప్పుడు తాబేలు కాపురం పెట్టింది. నిరుడైతే ఆ ఆర్మడిల్లోను తోక పట్టి లాగి, పచ్చి కాలేయంలో ఉల్లిపాయ, నిమ్మరసం కలుపుకు తినేవాణ్ణి. ఇప్పుడు చూస్తేనే ఒళ్ళు జలదరిస్తోంది.

తొడ మీద తెల్లమచ్చ వచ్చింది. మొన్న దాని మీద నిప్పురవ్వ పడినా తెలియలేదు. నాతో గింజలేరే జెఫెరీనో చూసి, "చర్మం కాలుతుంటే అట్టా కూర్చున్నావేంట్రా? నీ ఆర్మడిల్లో తిండి కుష్టు తెచ్చిపెట్టినట్టుందే," అని తన పళ్ళెం ఎత్తుకుని అవతలికి పోయాడు. మా తాతను కుష్టు కాలనీకి పడవలో తీసుకుపోయాక గుడిసె తగలబెట్టారు. నాకు భయంగా ఉంది. ఎవరికీ చెప్పకు.

నీ ఒస్మరీనో


ఫిబ్రవరి 11

ప్రియమైన మొండి మనిషికి,

ఆ కాలనీలు ఎప్పుడో మూసేశారు. హెల్త్ పోస్టులో మందు ఊరికే ఇస్తారు. నర్సు మార్లూసె ఏమంటుందో తెలుసా? "ఈ రోగం ముందు మనుషుల నుంచే ఆర్మడిల్లోలకి అంటుకుందమ్మా. బొరియలో చీమలు తింటూ తమ మానాన ఉన్నవాటిని బయటికి లాగింది మీరు కాదూ?" జెఫెరీనోకీ ఇదే చెప్పు. ఇరాసి రోజూ నాన్నేడని అడుగుతోంది. వెంటనే బయల్దేరు.

నీ దొరిలేని


గింజల క్యాంపు, ఫిబ్రవరి 18

ప్రియమైన దొరిలేనీ,

రాను. రెండు వేళ్ళు ముడుచుకుంటున్నాయి, కత్తి పట్టు జారుతోంది. బిడ్డ పరుగున వచ్చి మెడకు చుట్టుకుంటే తోసెయ్యనా? నీకూ అంటించానేమోనని కంటి మీద కునుకు లేదు. ఈ పని అయ్యాక ఏటి ఎగువకు పోతాను. పోయాననుకో.

ఒస్మరీనో


ఫిబ్రవరి 21

ప్రియమైన ఒస్మరీనో,

పూర్తిగా చదివేదాకా కదలకు.

నువ్వు నాకేమీ అంటించలేదు. మూడేళ్ళ కిందట నా మోచేతి మీద ఇలాంటి మచ్చే వచ్చింది. వేటాడేది నువ్వు, పెంకు వలిచి కడిగేది నేను. పన్నెండు నెలలు మాత్రలు మింగాను. రక్తం పట్టడానికని నీతో అబద్ధమాడాను. ఆ మాత్రలకి ఒళ్ళు నల్లబడితే, "బొగ్గుల బట్టీలో పనికి పోతున్నావా ఏమే?" అని నవ్వావు. నేనూ నవ్వాను. రోగం నయమైంది. మీ తాత కథ చెప్పేటప్పుడు నీ ముఖం ఎలా మారేదో చూసినదాన్ని, తెలిస్తే వదిలేస్తావని భయపడ్డాను.

అసలు సంగతి ఇంకోటి ఉంది. అప్పుడు నర్సు, "ఇంట్లో అందర్నీ తీసుకురా, చూడాలి," అంది. ఇరాసిని తీసుకెళ్ళాను, ఏమీ లేదంది. "మరి మీ ఆయన?" అని అడిగితే, వదిలేసి పోయాడని చెప్పాను. అప్పుడే నిన్ను చూపించి ఉంటే నీ వేళ్ళు ముడుచుకునేవి కావేమో. ఆ మాట నన్ను తినేస్తోంది. ఈ ఉదయం వెళ్ళి నాకు మొగుడున్నాడని ఒప్పుకున్నాను. ఇంకా ఆలస్యమైతే వేళ్ళు ఎప్పటికీ సాగవట.

ఈ ఉత్తరం పడవవాడి చేతికివ్వడం లేదు. నేనే తెస్తున్నాను. నోటితో చెప్పే ధైర్యం లేక రాశాను. నువ్వు చదువుతున్నప్పుడు ఎదురుగానే నిలబడి ఉంటాను. తిట్టేది దారిపొడుగునా తిట్టు, ముందు పడవెక్కు.

నీ పెళ్ళాం,
దొరిలేని