రెండిళ్లకూ ఒకటే గోడ

డబ్లిన్, శుక్రవారం

కార్పొరేషన్ ఇంజనీరు టియర్నీ గారికి,

మా పక్కిల్లు కూల్చడం ఆపించమని మళ్లీ అడుగుతున్నాను. "ఇంగ్లీషు దొరలు కట్టిన ఎర్ర ఇటుకల కొంప. దాని మీద మీకెందుకమ్మా అంత మమకారం?" అన్నారు మొన్న మీరు. కట్టించింది దొరే. ఇటుకలు మోసింది మాత్రం మన తాతలు. ఇప్పుడు గదికో కుటుంబం చొప్పున కాపురముంటున్నదీ మనవాళ్లే. మరి నా మమకారం ఎవరి మీదో మీరే చెప్పండి.

ఇవి జంట ఇళ్లు. నడిమి గోడ ఒక్కటే. రెండు వైపుల దూలాలూ, పొగగొట్టాలూ అందులోనే ఉన్నాయి. ఖాళీ చేయించిన ఇంటిని కూలిస్తే మా ఇంటికేమీ కాదని మీరు రాసిచ్చారు.

నిన్న మా పై గదిలో మిసెస్ గెరటీ చంటిబిడ్డకు చలి వేస్తోందని పొయ్యిలో బొగ్గు రాజేసింది. పొగ వెళ్లి ఆ ఖాళీ ఇంట్లో తేలింది. అక్కడ కూల్చే పని చేయిస్తున్న మేస్త్రీ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏమమ్మోయ్, ఇక్కడి దయ్యాలకు వంట నువ్వేనా చేస్తున్నది?" అని అరిచాడు. కూలీలంతా నవ్వారు. ఆమె నవ్వలేదు.

"మధ్యలో గోడుంటే పొగ నీ దాకా ఎట్లా వచ్చిందిరా నాయనా?" అంది.

అతను తల లోపలికి తీసుకుని, గోడలోని పొగగొట్టానికి పడ్డ కన్నంలో గోనెపట్టా కుక్కాడు. గొట్టం మూసుకుపోయి పొగంతా తిరిగి ఆమె గదిలోకే వచ్చింది. బిడ్డ ఇప్పుడు నా మంచం మీద దగ్గుతూ పడుకుంది.

సోమవారం పొద్దున్నే ఆ ఇంటి పైకప్పు దించుతారట. అంతకుముందే మీరు రండి. వచ్చి ఆ ఖాళీ ఇంట్లో నిలబడండి. ఇటువైపు పొయ్యిలన్నీ మేం రాజేస్తాం. పొగ ఎక్కడెక్కడ బయటికొస్తే అక్కడక్కడ మా గోడను మీవాళ్లు తినేశారన్నమాట. అప్పుడూ కూల్చమనే అంటారా? అయితే ఆ మాట గెరటీ బిడ్డను చేతుల్లోకి తీసుకుని చెప్పండి.

ఇట్లు,
ఇంకా నిలబడే ఉన్న ఇంటి నుంచి