నాలుగు చోట్లా వినిపించింది

చిట్టితల్లికి,

ఆ రోజు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. పూర్తిగా చదివాకే విసుక్కో.

పొద్దున ఎనిమిదింటికి మీ అమ్మ రెండు చెంచాల పాలు తాగింది. మంచం కిటికీ పక్కకి జరపమంది. అక్కణ్ణించి గుర్రపు కొట్టం కనిపిస్తుంది. కాసేపు చూసి, దొరసాని గడ్డి ముట్టలేదనీ, మాటిమాటికీ మెడ తిప్పి పొట్ట చూసుకుంటోందనీ చెప్పింది. ముప్పై ఏళ్ళు గుర్రాలకి వైద్యం చేసిన మనిషి కదా, ఆయాసపడుతూనే నాకు పాఠం చెప్పింది. స్టెతస్కోపు పట్టుకెళ్ళమంది. పొట్టకి రెండు పక్కలా, పైనా కిందా పెట్టి, ఒక్కోచోట నిండా నిమిషం వినమంది. పేగుల చప్పుడు లేకపోతే క్షణం ఆగకుండా నీకు ఫోన్ చెయ్యమంది.

నేను వరండా దాకా వెళ్ళాను. అది దాటితే ఆమె ఊపిరి చప్పుడు వినపడదు. అక్కడే నాలుగైదు నిమిషాలు నిలబడి లోపలికి వచ్చేశాను.

"నాలుగు చోట్లా వినిపించింది" అన్నాను.

"అయితే పర్లేదు. ఇలా వచ్చి కూర్చో" అంది.

మధ్యాహ్నం రెండుంబావుకి మీ అమ్మ పోయింది.

సాయంత్రం నువ్వొచ్చేసరికి దొరసాని చెమటలు కక్కుతూ దొర్లుతోంది. ఎవరూ చూడలేదా అని అడిగావు. కిటికీ దగ్గరికి తెస్తే అమ్మే స్టెతస్కోపు పెట్టి చూసింది, బాగానే ఉందంది అన్నాను. నీ ఏడుపులో నువ్వు దాన్ని నమ్మావు. మీ పశువుల ఆసుపత్రివాళ్ళు స్కాన్ తీసి, పొట్ట కోసి మెలిపడ్డ పేగుని సరిచేశారు. బతికింది, సంతోషమే.

అప్పట్నించీ మీరిద్దరూ నా ప్రాణం తోడేస్తున్నారు. దాని పొట్టకి నువ్వు కట్టిన సెన్సరు పట్టీ, అది సరదాకి మట్టిలో దొర్లినా నా ఫోన్లో మోగుతుంది. నిన్న ఏడుసార్లు. ఒకసారి ఒంటినిండా సబ్బుతో పరిగెత్తాను. మహారాణీగారు తోక విసిరి నావైపు జాలిగా చూశారు. అయినా ఓర్చుకున్నాను.

నువ్వు పంపిన కాగితాలు మాత్రం ఓర్చుకోలేను. రేపు పదింటికి నీ విద్యార్థులకి చెప్పబోయే పాఠమట. అందులో మీ అమ్మ కేసట. అనుభవంతో పండిన చెవి కూడా పొరబడుతుంది కాబట్టి యంత్రాన్ని నమ్మమని చెబుతావట. పైగా, అమ్మ ఉంటే ఒప్పుకునేది కదా నాన్నా, అని నన్నే అడుగుతావా?

ఒప్పుకునేది కాదు. ఆ చెవి అసలు దొరసాని దగ్గరికే పోలేదు. స్కానూ పట్టీ ఏవీ లేకుండా, మంచం మీంచి, కిటికీలోంచి కనిపెట్టింది ఆమె. చెడగొట్టింది నేను. మూడు నెలలు నోరు మూసుకున్నదీ నేనే. ఫోన్లో చెబుదామని రెండుసార్లు మొదలుపెట్టాను. రెండుసార్లూ పట్టీ గురించి తిట్టి పెట్టేశాను.

దొరసానిని ఒక్కరోజు పక్కింటాయన చూస్తానన్నాడు. రేపు పొద్దున మొదటి బస్సుకి బయల్దేరి, ఈ ఉత్తరం నేనే తెచ్చి నీ చేతికిస్తాను. నువ్వు చదివేదాకా బయట బెంచీ మీద కూర్చుంటాను. ఆ కేసు కాగితం మీద అమ్మ పేరు కొట్టేసి నా పేరు రాశాకే నన్ను లోపలికి పిలువు.

నాన్న