పెద్ద మామా కుడిచెయ్యి

1986 ఫిబ్రవరి 1, శనివారం

పెద్ద మామా, అంటే ఈ ఇంటి ముసలావిడ, చేతికి కసరత్తు చేయించే తెల్ల మిస్ వొచ్చి వెళ్లింది. ఇవాళ మళ్లీ తప్పు మాట్లాడేను. పెద్ద మామాకి భుజం నొప్పి పెరిగిందని చెప్పబోయి "పెయిన్ స్ట్రాంగర్, గుడ్" అనేసేను. స్ట్రాంగ్ అంటే మంచిదే కదా అని. మిస్ పకపకా నవ్వింది. తర్వాత కూర్చోబెట్టి చెప్పింది. నొప్పి పెరిగితే వర్స్ అనాలట. బలం పెరిగితే స్ట్రాంగర్. మనకైతే రెండూ పెరగడమే.

ఇంటి యజమానురాలు మామా పొద్దున్నే బడికి పోతుంది పాఠాలు చెప్పడానికి. ఆవిడ మొగుడు బాబా, పెద్ద మామా కొడుకు, ఆఫీసుకి. మిస్‌కి అరబ్బీ రాదు, పెద్ద మామాకి ఇంగ్లీషు రాదు. పక్షవాతం కొట్టిన ఆ కుడిచెయ్యి ఎలా ఉందో చెప్పడానికి మధ్యలో పనిమనిషిని నేనే. ఎనిమిదో తరగతి ఇంగ్లీషుతో.

ఫిబ్రవరి 2

గెటింగ్ స్ట్రాంగర్ — ఇంకా పూర్తిగా రాలేదు, వొస్తోంది అని. పికింగ్ అప్ — కోలుకుంటోంది అని. గిన్నెలు తోముతూ పైకే అనుకుంటున్నాను.

ఫిబ్రవరి 4, మంగళవారం

పెద్ద మామా నిన్న చెంచా పట్టుకుంది! అన్నం సగం ఒళ్లో పడింది గానీ నోటిదాకా వెళ్లింది. మిస్ రాగానే గడపలోనే చెప్పేసేను — "హ్యాండ్ గెటింగ్ స్ట్రాంగర్, మిస్." ఒక్క తప్పు లేదు. మిస్ నన్ను కావిలించుకుంది. పెద్ద మామా ఏమీ అర్థం కాకుండానే నవ్వింది, మూతి ఒకవైపుకి లాగుతూ.

ఈ అరబ్బు దేశంలో నన్నెవరైనా మెచ్చుకోవడం ఇదే మొదలు.

ఫిబ్రవరి 5

భోజనాల దగ్గర బాబా, మామా మాట్లాడుకుంటున్నారు. నేను వింటున్నానని వాళ్లకి పట్టదు. పెద్ద మామా తన చేత్తో తను తినగలిగితే అర్దియాలో పెద్ద కొడుకు ఇంటికి పంపించేస్తారట. అక్కడ వాళ్లకి పనిమనిషి ఉంది. మరి లక్ష్మి, అంటే నేను? సులైబియాలో మామా తమ్ముడి తోట దగ్గరికి. "ఖలాస్," అన్నాడు బాబా, రొట్టె తుంచుకుంటూ.

ఖలాస్ అంటే అయిపోయిందనే కదా.

ఫిబ్రవరి 6

పక్కింట్లో చేసే కడప సుబ్బమ్మక్కకి గోడ మీదనుంచే చెప్పేను. ఆవిడ చేతిలో బట్టలు అలాగే ఉండిపోయేయి.

"ఆడికి మాత్రం పోబాక మే. ఆడ ఇంకొక ఆడమనిషి లేదు. గొర్లు, ఆయప్ప, అంతే. నీకంటే ముందర ఒక సిలోను పాప పోయిండె. వారం తిరక్కుండానే పారిపొయ్యి వచ్చె. ఏమైందే అంటే నోరు తెరవలా."

నేను పోనంటే ఊరుకుంటారా అక్కా, అన్నాను.

"పాస్‌పోర్టు ఎవురి దగ్గరుంది?"

బాబా దగ్గర.

ఆవిడ బట్టలు ఆరెయ్యడానికి అటు తిరిగిపోయింది.

ఫిబ్రవరి 8, శనివారం

మిస్ అడిగింది — "సో? స్ట్రాంగర్?"

"సేమ్," అన్నాను.

అంతే. ఒక్క మాట. మిస్ ముందు పెద్ద మామా చెయ్యి ఎప్పుడూ బిగుసుకుపోతుంది. పరాయి మనిషని సిగ్గో, భయమో. అందుకే అంతా నా మాట మీదే నడుస్తుంది. మిస్ మొహం చిన్నబోయింది. సేమ్ అనే రాసుకుంది.



ఫిబ్రవరి 9

చేత్తో నొక్కడానికి మిస్ ఇచ్చిన రబ్బరు బంతి బియ్యం డబ్బాలో దాచేను. పెద్ద మామా సైగ చేసి అడిగింది. పోయిందన్నాను. మంచం కింద వెతకమంది. వెతికేను... వంగి, నిజంగానే వెతుకుతున్నట్టు.

ఫిబ్రవరి 11, మంగళవారం

ఈసారి అబద్ధం ఆడలేదు. "లిటిల్ వీకర్," అన్నాను. నిజమే అది. ఈ మూడు రోజులూ బంతి నొక్కించకపోయేసరికి వేళ్లు మళ్లీ మడత పడిపోయేయి. మొన్న నా నోరు ఆడిన అబద్ధం ఇవాళ ఆవిడ చేతికి వొచ్చేసింది.

ఫిబ్రవరి 12

టీ గ్లాసు ఆ చేత్తోనే పట్టుకుంటానంది. జారిపోయింది. వేడి వేడిది, తొడ మీద. బొబ్బలు ఎక్కేయి. నేను ఏడుస్తుంటే ఆవిడే నా తల నిమిరి "మాలేష్, మాలేష్" అంటోంది — ఫరవాలేదు, ఫరవాలేదని. సాయంత్రం మామా వొచ్చి అరుస్తుంటే, ముద్ద ముద్ద మాటలతోనే చెప్పింది — తప్పు నాదే, లక్ష్మిని ఏమీ అనకు.

కొట్టినా బావుండేది.

ఫిబ్రవరి 15, శనివారం

మిస్ చెప్పింది, ఇంకొక్క వారం చూస్తుందట. బాగుపడే చెయ్యి కాకపోతే ఇక రాదు, వేరే రోగులు కాసుకుని ఉన్నారు. నెమ్మదిగా, నాకు అర్థమయ్యేలా చెప్పింది. అంతసేపూ పెద్ద మామా నా మొహమే చూస్తోంది, మిస్ ఏమందో నేను చెప్తానని.

"మంచిదే అంది," అన్నాను.

ఫిబ్రవరి 16

బంతి తీసేను. బియ్యం దులిపి ఆవిడ చేతిలో పెట్టేను. కాళ్ల దగ్గర కూర్చుని అంతా చెప్పేసేను, వొచ్చినంత అరబ్బీలో. సులైబియా. సిలోను పిల్ల. మిస్‌తో సేమ్ అన్న మాట.

చాలాసేపు గోడవైపు తిరిగి పడుకుంది. బంతి కింద పడిపోయింది. తియ్యాలో వొద్దో తెలీక అలాగే కూర్చున్నాను.

మధ్యాహ్నం తనే పిలిచింది. చెయ్యి చాపింది. బంతి పెట్టేను. నొక్కింది. తర్వాత ఒక్కో మాటా కూడబలుక్కుని — ఆ తెల్లదానికి నిజం చెప్పు. నీ సంగతి నా కొడుకుతో నేను చెప్తాను.

చెప్తుంది. కానీ ఆవిడ మాట పూర్తయ్యేదాకా ఆగేవాళ్లెవరు ఈ ఇంట్లో?

ఫిబ్రవరి 18, మంగళవారం

"మిస్, ఐ టెల్ లై," అన్నాను. ఏది అబద్ధమో చెప్పేను. ఎందుకో చెప్పడానికి నాకు ఇంగ్లీషు చాల్లేదు. మిస్ కోపంగా చూసింది. తర్వాత పెద్ద మామా కుడిచేతి రెండు వేళ్లతో నా కొంగు అంచు పట్టుకుని లాగి చూపించింది. మిస్ ముందర మొదటిసారి. ఇక రావడం మాననని చెప్పి వెళ్లింది మిస్. నాతో చెప్పలేదు, ఆవిడకేసి తిరిగి చెప్పింది.

ఫిబ్రవరి 19

పెద్ద మామా బాబాతో మాట్లాడింది. నేను తలుపు ఇవతల ఉన్నాను. లక్ష్మి నాతోనే... అర్దియాకి... అంతవరకూ చెప్పగలిగింది. ఫోను మోగింది. బాబా లేస్తూ "ఇన్షాల్లా యుమ్మా, ఇన్షాల్లా" అన్నాడు.

దేవుడు తలిస్తే అనడం. కానీ అది అవునో కాదో ఇన్నేళ్లయినా నాకు తెలీలేదు.

ఫిబ్రవరి 21, శుక్రవారం

మామా తమ్ముడు భోజనానికి వొచ్చేడు. గొర్రె మాంసం తెచ్చేడు. నన్ను చూసి మామాతో ఏదో అన్నాడు, మామా తలూపింది. నేను పళ్లెం పెట్టడానికి వంగేను. పెద్ద మామా నా మణికట్టు పట్టుకుంది — కుడిచేత్తోనే. వొదల్లేదు. అన్నం చల్లారిపోతున్నా వొదల్లేదు. గోళ్లు దిగుతున్నాయి. మామా తమ్ముడికేసే చూస్తోంది, ఏదో అనబోతోంది, మాట రావడం లేదు.

మామా చప్పట్లు కొట్టింది. "చూడండి, చూడండి, ఎంత బలం వొచ్చిందో!"

అందరూ సంతోషంగా నవ్వేరు.