అద్దం మోసే మనిషి నడక

శుక్రవారం, పదకొండో తేదీ
కొట్టు తెరవకముందు

చిరంజీవి పిచ్చుకకి,

నాన్న మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, మీ అమ్మా, చిన్న మామయ్యా అందరం క్షేమం. నువ్వూ క్షేమమని తలుస్తాను అని రాయాలి గానీ, మొన్ననే కళ్లారా చూసి వచ్చాను కదా, తలవడమేమిటి! ఫోనుండగా ఉత్తరమేమిటని మూతి తిప్పకు. ఫోన్లో అయితే రెండు ముక్కలు మాట్లాడనిచ్చి మూడో ముక్కకి అడ్డం తగులుతావు. కాగితం మీదైతే చచ్చినట్టు చివరిదాకా వినాలి. అక్షరాలు చీమల్లా ఉన్నాయని కూడా అనకు. కళ్లజోడు పెట్టుకుని చదువు.

మంగళవారం నీ ప్రదర్శన చూసిన దగ్గర్నుంచీ నేను ఈ లోకంలో లేను. దెబ్బ మీద దెబ్బ, ఒకటి కాదు. మొదటిది చిన్నదే, చెబుతా విను.

డాన్సులో పీజీకి ఇదే చివరి ప్రదర్శన, నలభై నిమిషాలు ఒక్కదాన్నే చేస్తాను, ఆ తర్వాత ఇరవై ఒకటిన వైవా, అది గట్టెక్కితే డిగ్రీ చేతికొచ్చినట్టే అని నువ్వు చెప్పావు కదా. నేను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. మీ అమ్మ కరుస్తున్నా సరే కొత్త చెప్పులే వేసుకుంది. మామయ్య ముందు వరసలో చోటు పట్టాడు. దీపాలు ఆరిపోయాయి. తళతళలాడే బట్టల్లో వస్తావనుకుంటే, నా బూడిదరంగు కొట్టు చొక్కా తొడుక్కుని వచ్చావు! పోయిన సెలవుల్లో తుడుచుకోవడానికి పాతగుడ్డ కావాలని పట్టుకెళ్లింది అదేగా. జేబు దగ్గర పుట్టీ మరక కూడా అలాగే ఉంది. పాట లేదు, మద్దెల లేదు. కట్టర్‌తో అద్దం మీద గీత లాగే చప్పుడు, ఆపైన టక్కుమని విరిచే చప్పుడు, అంతే. మామయ్య నా చెవిలో, దీనికా బావా రెండేళ్లు చదివింది, ఈ చప్పుడు మన కొట్లో ఊరికే వినొచ్చుగా అన్నాడు. నిజం చెప్పొద్దూ, నేనూ మనసులో అదే అనుకున్నాను.

తర్వాత, లోపలికొచ్చేటప్పుడు చేతిలో పెట్టిన కాగితాన్ని వేదిక వెలుతురులో చదివాను. ముప్పై ఒక్క ఏళ్లుగా అద్దాలు కోసి, మోసిన ఒక మనిషి ఒంట్లో ఆ పని ఎలా నిలిచిపోయిందో చూపే నృత్యం అని ఉంది. ఆ మనిషి ఎవరో తెలియడానికి కొట్టు పేరు రాయక్కర్లేదు. పిచ్చుకా, గీత లాగే ముందు నేను ఊపిరి బిగపడతానని నాకే తెలియదు. నువ్వు బిగపట్టావు. అంచు చూడ్డానికి వెలుతురుకేసి తల ఓరగా వంచుతానని తెలియదు. నువ్వు వంచావు. రెండో భాగంలో నిలువెత్తు అద్దాన్ని ఇరుకు మెట్లెక్కించావే, నీ చేతుల్లో ఏమీ లేదని తెలిసి కూడా మూల ఎక్కడ తగులుతుందోనని నా భుజం పక్కకి జరిగింది. నివ్వెరపోయాను. నా కూతురు ఇంత నేర్చిందా అని కళ్లు చెమర్చాయి. అప్పుడు లేచి వచ్చేసి ఉంటే ఎంత బాగుండేది.

మూడో భాగం మొదలైంది. చేతిలో అద్దం లేదు. ఆ మనిషి ఊరికే నడుస్తున్నాడు. కుడి చెయ్యి ఒంటికి అతుక్కుని ఉంది, ఊగడం లేదు. అడుగులు చిన్నచిన్నగా పడుతున్నాయి. ముఖంలో కోపం లేదు, నవ్వు లేదు. వేదిక మీద వరసగా నిలబెట్టిన ఖాళీ గుమ్మాల్లో మొదటిదాని దగ్గరికొచ్చి టక్కున ఆగిపోయాడు. కాళ్లు నేలకి అంటుకుపోయినట్టు అక్కడే ఊగాడు. గుమ్మాన్ని రెండుసార్లు వేలితో కొట్టి, ఏదో చూస్తున్నట్టు నటించి, అప్పుడు దాటాడు. హాలంతా నవ్వింది. బావే, అచ్చం బావే అని మామయ్య పక్కవాళ్లకి నన్ను వేలు పెట్టి చూపించాడు. మీ అమ్మ కూడా నవ్వింది. రెండో గుమ్మం దగ్గర ఇంకా నవ్వింది. మూడో గుమ్మం దగ్గర ఆపేసింది.

నేను మాత్రం కొయ్యబారిపోయాను. దొంగకు తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా కూర్చున్నాను. అందరూ లేచి చప్పట్లు కొడుతుంటే నా చేతులు కలవలేదు. నువ్వు వేదిక మీంచి నాకేసి చూసి నవ్వావు. తిరిగి నవ్వాననే అనుకున్నాను. నవ్వానో లేదో నువ్వే చెప్పాలి.

బయట వరండాలో నీ వైవాకి రాబోయే ఆ నెరిసిన జుట్టు ప్రొఫెసరమ్మ వచ్చి నాకు చెయ్యి కలిపింది. కలిపిన చెయ్యి వెంటనే వదల్లేదు. టీ మిషను దాకా నాతో నడవండి అంది, నడిచాను. బస్సులో మీ అమ్మ కిటికీ పక్క సీటు నాకిచ్చి, దారి పొడుగునా నా కుడి చెయ్యి తన రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చుంది. పెళ్లయిన కొత్తలో కూడా అలా కూర్చున్న గుర్తు లేదు.

ఇక అసలు సంగతి. ఆ మూడో భాగం తీసెయ్. థీసిస్‌లో ఆ నడక మీద రాసిన అధ్యాయం కూడా తీసెయ్. కన్నతండ్రిని చూసి నలుగురూ నవ్వుతుంటే నీకు బాగుందా? పైగా అద్దాల పనివాడు గుమ్మం దాటలేడని ఊరంతా తెలిస్తే రేపు కిటికీ కొలతలకి ఎవరు పిలుస్తారు? అదీ కాక నలభై నిమిషాలు మరీ పొడుగు, ముప్పై చాలు. ఈ మూడిట్లో ఏది నచ్చితే అది కారణం అనుకో. వైవాలో ఆ నడక గురించి అడిగితే, అది తొలగించానండీ అని చెప్పు. ఇన్నేళ్లలో నీ చదువు విషయంలో నేనెప్పుడూ వేలు పెట్టలేదు. లెక్కలు మానేసి డాన్సంటే సరే అన్నాను, ఉన్న ఊరొదిలి యూనివర్సిటీ అంటే సరే అన్నాను. ఈ ఒక్కటీ విను.

వేళకి తిను. కాలి మడమకి మంచుగడ్డ పెట్టడం మరిచిపోకు. నీకు అంతా మేలే జరగాలని కోరుకుంటూ,

ఇట్లు,
మీ నాన్న

తా.క.: ఇది కవర్లో పెట్టి జిగురు రాస్తుండగా మీ అమ్మ లాక్కుని నిలబడే చదివింది. ఇంత పొడుగు ఉత్తరంలో అసలు ముక్క ఒక్కటీ లేదేమిటని అడిగింది. తర్వాత, ఎన్నాళ్లుగా అని అడిగింది. ఆవిడకి చెప్పాను కాబట్టి నీకూ చెబుతున్నాను.

రెండేళ్లుగా. నువ్వు యూనివర్సిటీలో చేరిన నెలలోనే నరాల డాక్టరు చెప్పాడు. పార్కిన్సన్స్ అంటారట. మందులు వాడుతున్నాను, పుట్టీ డబ్బాల వెనక దాచి. చెబితే నువ్వు పెట్టె సర్దుకుని వచ్చేస్తావని చెప్పలేదు. నాన్నా అలా ఎందుకు నడుస్తావని సెలవుల్లో కొట్లో కూర్చుని, నోటుబుక్కు తెరిచి నువ్వు అడిగావు. అద్దాలు మోసేవాళ్లంతా ఇలాగే నడుస్తారని నేనే చెప్పాను. నువ్వు నమ్మి రాసుకున్నావు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడ్డం లేదనుకుంటుందట, అలా ఉన్నాను నేను. నువ్వేమో ఒక్కొక్క గుటకా లెక్కపెట్టి వేదిక మీద పెట్టేశావు. అద్దం అబద్ధం చెప్పదంటారు, అద్దాలమ్ముకునేవాడు చెప్పాడు. నీ థీసిస్‌లో తప్పేదైనా ఉంటే అది నాది.

ఆ ప్రొఫెసరమ్మ ఈ జబ్బున్నవాళ్లకి పదేళ్లుగా డాన్సు నేర్పుతోందట. టీ మిషను దగ్గర, ఏ డాక్టరుకి చూపిస్తున్నారు అని మెల్లగా అడిగింది. తను నీకు చెప్పదట, నేనే చెప్పాలట. వైవాలో మాత్రం, ఈ నడక అద్దాల పనివల్లే వచ్చిందని ఎలా నిర్ధారించావు అని అడగక తప్పదంది.

కాబట్టి మూడో భాగం తీసెయ్యకు. పైన రాసిందంతా నా పిరికితనం. ఊపిరి బిగపట్టడం, తల వంచడం, మెట్లెక్కడం నా పనివల్ల వచ్చినవి. చెయ్యి, చిన్న అడుగులు, గుమ్మాల దగ్గర ఆగడం జబ్బువి. ఉన్నదున్నట్టు రాసి, వైవా ఇచ్చి, అప్పుడు రా. అంతకుముందు వస్తే కొట్లోకి రానివ్వను.

ఇంకొకటి ఉంది, అది నాదీ కాదు, జబ్బుదీ కాదు. చివరి గుమ్మం దగ్గర నువ్వు ఆగలేదు. నేల మీద అద్దం పరిచి ఉన్నట్టు, అది పగలకూడదన్నట్టు, మోకాలు ఎత్తి దాటేశావు. నేనలా ఎప్పుడూ చెయ్యలేదు. అది నువ్వు కల్పించావు. ఇందాక కొట్టు తెరిచాక గుమ్మం దగ్గర ఎప్పట్లాగే కాళ్లు అంటుకుపోయాయి. నువ్వు గుర్తొచ్చావు. లేని అద్దాన్ని చూసుకుని మోకాలు ఎత్తాను. దాటేశాను. మళ్లీ బయటికెళ్లి మళ్లీ దాటాను, నాలుగుసార్లు. మీ మామయ్య చీపురు పట్టుకుని, అద్దం ఎక్కడ పగిలింది బావా అని ఇప్పటికీ గుమ్మం దగ్గర వెతుకుతూనే ఉన్నాడు.